వంటచెరకు నిల్వ: పడమటి మండలాల రైతు కుటుంబం స్వయంగా నిర్మించుకోగల కట్టెల పందిరి

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం, 2016 మే 1న దేశవ్యాప్తంగా ఆరంభమైన ఉజ్జ్వల యోజన, 2024 చివరలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లతో వచ్చిన దీపం-2 కారణంగా గ్యాసు పొయ్యి పల్లె వంటింటికి కొత్త వస్తువు కాకుండా పోయింది. అయినా చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల పల్లెల్లో పెరటి పొయ్యి ఆరిపోలేదు. స్నానానికి నీళ్ళు కాగే అండా, పాడి పశువులకు ఉడికే దాణా, పదిమందికి కెలికే రాగి సంగటి, బోయకొండ గంగమ్మ సన్నిధిలో మొక్కు తీర్చుకొనేవారి పొంగళ్ళు ఇప్పటికీ కట్టెల మీదనే సాగుతున్నాయి. సిలిండరును వంటకు మిగుల్చుకొని నీళ్ళకు, దాణాకు కట్టెలు వాడడం రైతు కుటుంబం చేసే సహేతుకమైన లెక్క. విస్తరణ శాస్త్రవేత్త ఆ లెక్కను తప్పుపట్టడం కంటే దానిలోని నష్టాన్ని తగ్గించే మార్గం చూపడం మేలు.

వేరుశనగ కాయలను 8-9 శాతం తేమకు, వరి ధాన్యాన్ని 14 శాతం తేమకు ఆరబెట్టి నిల్వ చేయాలని వ్యవసాయ విద్యార్థి మొదటి సంవత్సరంలోనే నేర్చుకొంటాడు. అదే పొలం గట్టు మీద నరికిన కానుగ కొమ్మను, సీమజాలి మొద్దును ఎంత తేమ వద్ద నిల్వ చేయాలో అడిగితే సమాధానం దొరకడం కష్టం. కట్టె కూడా కోత అనంతరం ఆరవలసిన పంటే. గింజ విషయంలో పనిచేసే సూత్రాలే దానికీ వర్తిస్తాయి. ఒక్క భేదం మాత్రం గుర్తుంచుకోదగినది: గింజను గాలిలోని తేమ నుంచి కూడా కాపాడాలి, కట్టెను వాన నీటి నుంచి, నేల చెమ్మ నుంచి కాపాడితే చాలు. ఈ భేదం తెలిస్తే నిర్మాణం ఎంత సులభమో తెలుస్తుంది.

తేమ శాతం: రెండు లెక్కలు

కట్టెలోని తేమను రెండు విధాల చెబుతారు. మొత్తం బరువులో నీటి వాటాను చెప్పేది తడి ఆధార శాతం. ఎండిన పదార్థం బరువుతో పోల్చి చెప్పేది పొడి ఆధార శాతం. ఇంధన శాస్త్రం సాధారణంగా మొదటిదానిని, కలప శాస్త్రం రెండవదానిని వాడుతాయి. ఉదాహరణకు, అప్పుడే నరికిన 2 కిలోల ముక్కను 103 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు స్థిరపడే వరకు ఓవెన్‌లో ఉంచితే 1.1 కిలోలు మిగిలిందనుకొందాం. పోయిన నీరు 0.9 కిలోలు. తడి ఆధారంపై ఇది 45 శాతం, పొడి ఆధారంపై 82 శాతం. రెండూ నిజమే. బజారులో దొరికే రెండు సూదుల తేమమాపకం చూపేది పొడి ఆధార శాతం. పైగా అది 30 శాతం దాటితే నమ్మదగినది కాదు. ముక్కను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద సూదులు గుచ్చాలే తప్ప, ఎండిన పై ముఖం మీద గుచ్చి సంతృప్తి పడరాదు. ఈ వ్యాసంలో వేరుగా చెప్పని చోట్ల తేమ అంటే తడి ఆధారమే.

పచ్చి కట్టెలో సాధారణంగా 40 నుంచి 50 శాతం నీరు ఉంటుంది. పొయ్యిలోకి వెళ్ళదగిన కట్టెలో అది 20 శాతం మించరాదు.

నష్టం ఎక్కడ ఉంది?

పూర్తిగా ఎండిన కట్టె కిలోకు సుమారు 18.5 మెగాజౌళ్ళ నికర ఉష్ణాన్ని ఇస్తుంది. జాతుల మధ్య తేడా ఉన్నా, బరువు ప్రకారం చూస్తే అది చిన్నదే. సరుగుడు, సీమజాలి, చింత వంటివి మంచి వంటచెరకుగా పేరు పొందడానికి ప్రధాన కారణం వాటి సాంద్రత, అంటే ఒక మోపులో ఎక్కువ బరువు పట్టడం, నిప్పు ఎక్కువసేపు నిలవడం. కట్టెలోని ప్రతి కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2.44 మెగాజౌళ్ళు ఖర్చవుతాయి. ఈ రెండు అంకెలతో లెక్కిస్తే 45 శాతం తేమ గల కట్టె కిలోకు 9.1 మెగాజౌళ్ళు, 20 శాతం తేమ గల కట్టె కిలోకు 14.3 మెగాజౌళ్ళు ఇస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడతారు. ఆరబెట్టడం వల్ల ఉష్ణం 57 శాతం పెరిగిందని రాస్తారు. తూకం వేసి కట్టెలు కొనేవారికి అది నిజమే. ఒకే ధరకు పచ్చి కట్టెలు కొన్న కుటుంబానికి ఎండు కట్టెలు కొన్న కుటుంబానికి దక్కిన ఉష్ణంలో 63 శాతమే దక్కుతుంది, మిగిలినది నీటికి చెల్లించిన ధర. కానీ తన గట్టు మీది కొమ్మలనే తెచ్చుకొనే రైతు విషయం వేరు. ఆయన 100 కిలోల పచ్చి కట్టెలో 55 కిలోల ఎండు పదార్థం ఉంది. దానిని పచ్చిగా కాల్చినా 908 మెగాజౌళ్ళు వస్తాయి. ఆరబెడితే అది 69 కిలోలకు తగ్గి 984 మెగాజౌళ్ళు ఇస్తుంది. కాగితం మీద లాభం 8 శాతమే.

అయితే అసలు నష్టం ఈ లెక్కలోకి రాదు. పచ్చి కట్టె పొయ్యిలో పెట్టగానే నీరు ఆవిరవుతూ మంట వేడిని తగ్గిస్తుంది. కట్టె నుంచి వెలువడిన వాయువులు మండడానికి తగిన వేడి లేక పొగగా, మసిగా, కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి పోతాయి. ఇంధనంలోని కొంత భాగం కాలకుండానే గాలిలో కలుస్తుంది. మంట నిలపడానికి గొట్టంతో ఊదుతూ పొయ్యి ముందు వంగి కూర్చొనే ఇల్లాలి ఊపిరితిత్తులు దానిని స్వీకరిస్తాయి. సన్నని ధూళికణాలు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. పచ్చి కట్టె పొగ నిండిన గది ఆ పరిమితికి సమీపంలో కూడా ఉండదు. కట్టె ఎండినంత మాత్రాన పొగ పూర్తిగా పోదు. కానీ ఖర్చు లేకుండా తగ్గించగల భాగం ఇదే.

కట్టె ఎలా ఆరుతుంది?

చెట్టు నీటిని వేరు నుంచి ఆకుకు మోసే నాళాల పొడవునే కట్టె ఆరేటప్పుడు కూడా నీరు సులభంగా కదులుతుంది. అడ్డంగా కదలిక చాలా నిదానం. బెరడు దాదాపు మూత వంటిది. అందుకే రెండు మీటర్ల మొద్దును బెరడుతో ఏడాది పాటు ఎండలో పడేసినా లోపల చేవ తడిగానే ఉంటుంది, పైగా బెరడు కింద పుచ్చు పురుగు చేరుతుంది. అదే మొద్దును 45 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి నిలువునా చీలిస్తే నీటికి దారులు తెరుచుకొంటాయి. ఆరే కాలం మందం వర్గానికి అనుపాతంలో ఉంటుందని స్థూలంగా చెప్పవచ్చు. మందం సగమైతే కాలం నాలుగో వంతుకు తగ్గుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు చీల్చడం తేలిక కూడా. ఎండిన తరువాత సీమజాలి మొద్దును చీల్చబోయినవారికి గొడ్డలి విలువ తెలుస్తుంది.

కట్టె తన చుట్టూ ఉన్న గాలితో సమతాస్థితికి వచ్చే వరకు ఆరుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 40 శాతం ఉన్నప్పుడు ఆ స్థితి పొడి ఆధారంపై 7-8 శాతం వద్ద, 65 శాతం ఉన్నప్పుడు దాదాపు 12 వద్ద, 80 శాతం ఉన్నప్పుడు 16 వద్ద, 90 శాతం ఉన్నప్పుడు 20 వద్ద ఏర్పడుతుంది. చివరి అంకెను నిదానంగా చూడాలి. పొడి ఆధారంపై 20 అంటే తడి ఆధారంపై 17 శాతం. అంటే కార్తీక మాసపు ముసురులో కూడా, పైన వాన పడకుండా, కింద నేల తగలకుండా ఉన్న కట్టె పొయ్యికి పనికివచ్చే హద్దు లోపలే ఉంటుంది. గాలి తేమ దానిని పాడుచేయదు. కోసిన కొన మీద పడిన నీటి చుక్క మాత్రం నాళాల వెంట లోపలికి ఇంకుతుంది.

అందువల్ల కట్టెలను టార్పాలిన్‌తో నేల వరకు చుట్టి తాళ్ళు బిగించే పద్ధతి తప్పు. కట్టెలోంచి, నేలలోంచి వచ్చిన ఆవిరి పట్టా లోపలి ముఖం మీద చెమటపట్టి తిరిగి కట్టె మీదనే కారుతుంది. బూజు పడుతుంది. పట్టా తప్ప వేరే దారి లేకపోతే పై భాగాన్ని మాత్రమే కప్పి నాలుగు వైపులా వదిలివేయాలి. వంటింటి అటక మీద, పొయ్యికి ఎగువన కొమ్మలు ఆరవేసే పాత అలవాటు సూత్రం ప్రకారం సరైనదే అయినా, మంట అంటుకొనే ప్రమాదం వల్ల ప్రోత్సహించదగినది కాదు.

కాలం, దిక్కు

పడమటి మండలాలు సముద్ర మట్టానికి ఎత్తైన పీఠభూమి మీద ఉన్నాయి. మదనపల్లె ఎత్తు 700 మీటర్లకు దగ్గర. ఈ పొడి గాలిని చూసే 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆరోగ్యాలయాన్ని నెలకొల్పారు. రోగికి హితమైన గాలి కట్టెకు కూడా హితమే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొట్టి చీల్చిన కట్టెకు మార్చి, ఏప్రిల్, మే ఎండలు దొరుకుతాయి. జూన్ నుంచి డిసెంబరు వరకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ వర్షిస్తాయి. చిత్తూరు ప్రాంత రైతుకు ఇది వరమైనా, తడి కాలం పొడవు కావడం కట్టెల నిల్వకు పరీక్ష.

ఈ రెండు రుతుపవనాల స్వభావం ఒకటి కాదు. జూన్, జూలై నెలల్లో పడమటి గాలి బలంగా వీస్తుంది, కానీ వర్షం విరామాలతో పడుతుంది. అక్టోబరు తరువాత బంగాళాఖాతపు వాయుగుండాలతో వచ్చే వాన తూర్పు, ఈశాన్యాల నుంచి ఏటవాలుగా కొడుతుంది. కాబట్టి కట్టెల పందిరిని ఇంటికి పడమటి వైపున, ఉత్తర దక్షిణాలుగా పొడవు ఉండేలా నిలపడం ఉత్తమం. ఈశాన్యపు జల్లును ఇల్లు అడ్డుకొంటుంది. పడమటి గాలి వరుస గుండా పారి ఆరబెడుతుంది. ఇంటి గోడకు, పందిరికి మధ్య కనీసం 60 సెంటీమీటర్ల నడవ వదలాలి. ఇంటి కప్పు బోద అయితే, లేదా ఆ వైపున గడ్డివామి ఉంటే ఈ స్థలం పనికిరాదు. అప్పుడు దూరంగా కట్టి, తూర్పు వైపు మాత్రమే ఒక తడిక నిలపాలి.

ఎంత కట్టె, ఎంత పందిరి?

కొలత ఊహతో కాక అవసరం నుంచి రావాలి. ఒక కుటుంబం రోజుకు 60 లీటర్ల నీటిని 20 డిగ్రీల మేర వేడి చేస్తుందనుకొందాం. నీటికి చేరవలసిన ఉష్ణం 5 మెగాజౌళ్ళు. మూడు రాళ్ళ పొయ్యి లేదా మట్టి పొయ్యి సామర్థ్యాన్ని 12 శాతంగా తీసుకొంటే 42 మెగాజౌళ్ళ కట్టె కావాలి, అంటే 20 శాతం తేమ వద్ద రోజుకు 3 కిలోలు. జూన్ మొదలు డిసెంబరు మధ్య వరకు 200 రోజులకు 600 కిలోలు. వంకర కొమ్మలు కలిసిన వరుసలో సగం ఖాళీయే ఉంటుంది కనుక, సీమజాలి వంటి బరువైన కట్టె అయినా ఘనపు మీటరుకు 400 కిలోలకు కొంచెం పైగా మాత్రమే పడుతుంది. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర ఎత్తు, ఒక ముక్క వెడల్పు, అంటే 45 సెంటీమీటర్లు గల ఒంటి వరుస చాలు. దాణా కూడా ఉడికించే ఇంటికి అటువంటివి రెండు కావాలి. రెండు వరుసలను కలిపి పేర్చరాదు, మధ్య జానెడు సందు ఉండాలి.

నిర్మాణానికి ఈ ప్రాంతంలో రాయికి కొదవ లేదు. కుప్పం చుట్టూ గ్రానైట్ క్వారీలు, కోత యూనిట్ల వద్ద ముక్క బండలు దొరుకుతాయి. పల్లెల్లో రాతి కూసాలు కంచెకు, పందిళ్ళకు వాడుతూనే ఉన్నారు. నాలుగు కూసాలను 60 సెంటీమీటర్ల లోతు గుంతల్లో నిలువుగా పాతి, వాటి మధ్య రెండు కూసాలను అడ్డంగా, సమాంతరంగా, 25 సెంటీమీటర్ల ఎడంతో పరుపు బండల మీద పండబెట్టాలి. నేల నుంచి వీటి ఎత్తు 30 సెంటీమీటర్లకు తక్కువ కారాదు, 45 అయితే మేలు. రాయి ఒత్తిడిని ఎంతైనా మోస్తుంది కానీ వంపును ఓర్వదు. కాబట్టి రెండు మీటర్ల కూసానికి మధ్యలో కూడా ఒక ఆనిక ఉండాలి. కట్టె ముక్కలు ఈ రెండు కమ్ముల మీద అడ్డంగా కూర్చొంటాయి. కింద గాలి ఆడుతుంది, చీపురు ఆడుతుంది. చెదలు ఎక్కాలంటే రాతి మీద మట్టి గొట్టం కట్టుకోవాలి. అది కంటికి కనబడుతుంది, పుల్లతో గీకితే పోతుంది. వంటచెరకు మీద చెదల మందు ఎట్టి పరిస్థితిలోనూ చల్లరాదు. చల్లిన మందు పొయ్యి పొగలో మనిషికే తిరిగి వస్తుంది.

పైకప్పుకు కొత్త రేకులు అవసరం లేదు. ట్రాక్టరు ట్రాలీ నుంచి విప్పిన రేకు, పాత పశువుల పాక రేకు చాలు, కానీ తుప్పును అలాగే వదలరాదు. ట్రాలీ బాడీకి షెడ్డులో చేసే పనే ఇక్కడ ఇంటి వద్ద చేసుకోవచ్చు. తుప్పు పొరను తీగ బ్రష్‌తోను, గరుకు కాగితంతోను లోహం మెరిసే వరకు రుద్ది, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, అది ఆరాక రెండు పూతల ఎనామిల్ వేయాలి. రంధ్రాన్ని లప్పంతో పూడ్చడం కంటికి నునుపుగా కనబడుతుంది కానీ వెనుక ఆధారం లేని లప్పం ఒక వేసవికే ఊడిపోతుంది. చుట్టూ 5 సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించిన రేకు ముక్కను రివెట్లతో బిగించి అంచులకు సీలెంట్ పూయాలి. జింకు పూత చెక్కుచెదరని చోట్ల ఎనామిల్ వేయనవసరం లేదు, వేసినా జింకు మీద అది నిలవదు. ఆస్బెస్టాస్ రేకులను మాత్రం కోయడం గానీ, రుద్దడం గానీ చేయరాదు. దాని ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు కారకం. కప్పు వాలు పడమరకు ఉంచి, పడమటి చూరును 45 సెంటీమీటర్లు ముందుకు సాచాలి. జూన్ గాలికి రేకు లేచిపోకుండా కూసాలకు తీగతో కట్టాలి.

పేర్చడంలో మెలకువ కొంచెమే. మందపు ముక్కలు అడుగున, రెండు చివర్లలో ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా గూడు వలె, మధ్యలో వరుసగా. మల్బరీ కొమ్మలు, టమాట ఊతకర్రలు వేరుగా మోపు కట్టి నిలబెడితే రాజుకోవడానికి పనికివస్తాయి. పట్టుపురుగులకు మేపి తీసిన మల్బరీ కొమ్మలను పెంపక గృహం దగ్గర నిల్వ చేయరాదు. వాటితో వచ్చే పురుగుల విసర్జన, ఊజీ ఈగ మళ్ళీ ఆ గృహాన్నే చేరుతాయి. ఊతకర్రలకు అంటుకొన్న ప్లాస్టిక్ పురి తీసివేయాలి. పంట కాలమంతా మందులు పడిన కర్రలను వంట పొయ్యిలో వాడకపోవడమే మంచిది. గన్నేరు, నల్లజీడి, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఏ పొయ్యికీ పనికిరావు.

పాము విషయం

కట్టెల కుప్ప గురించి మాట్లాడి పాము గురించి మాట్లాడకపోతే ఆ పాఠం అసంపూర్ణం. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, ఏడాదికి సగటున 58 వేల మంది మరణించారని 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువమంది గ్రామీణులు, మరణాల్లో దాదాపు సగం జూన్-సెప్టెంబరు మధ్య సంభవించాయి. కట్టెల కుప్పను ప్రతిరోజూ కదిపే నెలలు కూడా అవే. నేల మీద పడేసిన కట్టెల కింద ఎలుక చేరుతుంది, ఎలుక వెంట నాగుపాము, రక్తపింజరి చేరుతాయి. చిన్నపింజరికి రాళ్ళ సందు చాలు. కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది, నేల మీద పడుకొన్నవారిని నిద్రలోనే కాటేస్తుంది. అడుగున ఖాళీగా, ఊడ్చి, అవతలి వెలుగు కనబడేలా ఉన్న పందిరిలో పాముకు దాగే చోటు తగ్గుతుంది. పూర్తిగా పోదు. కనుక రాత్రికి కావలసిన కట్టెలు పగటి వెలుతురులోనే దించుకోవాలి, వరుస మధ్యలో చెయ్యి దూర్చక పై కొన నుంచి తీయాలి, ముందుగా కర్రతో తట్టాలి. కోళ్ళ గూడు, గింజల గాదె పందిరికి ఆనుకొని ఉండరాదు. పడక గది కిటికీ ఆ వైపు ఉంటే స్థలం మార్చాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం, నాటు మందుకు పోవడం కూడదు. అవయవాన్ని కదలనీయకుండా 108 ద్వారా విషవిరుగుడు గల ఆసుపత్రికి చేర్చాలి. మన దేశపు బహుళ విషవిరుగుడు పైన చెప్పిన నాలుగు పాములకూ పనిచేస్తుంది.

ప్రదర్శన ఎలా చేయాలి?

ఓవెన్ ఉన్నది కళాశాలలో, కట్టె ఉన్నది పల్లెలో. ఈ దూరాన్ని ఒక చిన్న ఉపాయం తగ్గిస్తుంది. ఒక మొద్దు నుంచి తీసిన నమూనాను ప్రయోగశాలలో ఆరబెట్టి తేమ తెలుసుకొంటే, దాని పక్కనే కోసిన 2 కిలోల ముక్కలో ఎండు పదార్థం 1.1 కిలోలని లెక్కకట్టవచ్చు. 1.1ని 0.8తో భాగిస్తే 1.375. ఆ ముక్క మీద సుద్దతో "1 కిలో 375" అని రాసి వరుస నడుమ ఉంచితే, వేలాడే తక్కెడలో ఆ బరువు చూపిన రోజున కట్టె సిద్ధమైనట్లు. ఓవెన్ లేని చోట వారానికోసారి తూచి, రెండు వారాల తేడా ఒక శాతానికి లోబడితే గాలితో సమతాస్థితికి వచ్చిందని భావించవచ్చు, ఎండాకాలంలో మాత్రమే.

గ్రామంలో ప్రదర్శనకు ఒకే చెట్టు నుంచి మూడు వరుసలు చాలు: బెరడుతో ఉన్న నిండు మొద్దులు నేల మీద, చీల్చిన ముక్కలు పట్టాలో చుట్టి, చీల్చిన ముక్కలు పందిరిలో. ఫిబ్రవరిలో మొదలుపెట్టి వానలు తగ్గే వరకు, ప్రతి వరుసలో గుర్తు పెట్టిన మూడేసి ముక్కలను వారం వారం తూయాలి. నవంబరులో ఒక ముసురు రోజున మూడు వరుసల నుంచి మూడేసి కిలోల కట్టె తీసి, ఒకే పొయ్యి మీద, ఒకే అండాలో, ఒకే కొలత నీటిని కాచి సమయం నమోదు చేయాలి. పొయ్యి రాజేసేదీ, తక్కెడ పట్టేదీ ఆ ఇంటి మహిళే కావాలి. అంకెలు నోటుపుస్తకంలో కాక పందిరి పక్క గోడ మీద సుద్దతో రాయించాలి. మిగిలిన బూడిదను పెంటదిబ్బలో గానీ, యూరియాతో గానీ కలపకుండా వేరుగా పోగుచేయాలి. బూడిద క్షారం వల్ల నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. దానిలోని పొటాష్ పెరటి చిక్కుడు పాదుకు నేరుగా ఇవ్వవచ్చు.